వర్జ్యం వెళ్ళాక నొక్కిన షేర్లు

నవంబరు 9, ఆదివారం

చెరువు మీద గూడబాతులు దిగాయి. నారు జానెడు లేచింది. ఇంకో మూడు వారాల్లో నాట్లు.

నిరుడు తొమ్మిది మంది పిలిచారు, తమ చేలల్లో తొలి కుదురు నా చేత వేయించుకోవడానికి. తొమ్మిది కొబ్బరికాయలు, తొమ్మిది రవికె గుడ్డలు. నాది మంచి హస్తవాసి అని ఊరు అంటుంది. నేను అనను. ఇరవై రెండేళ్ళ కిందట జయరామయ్య మామ చేలో కూలి మనిషి రాక నేను దిగి నాలుగు కుదుళ్ళు వేస్తే, ఆ ఏడు ఎకరాకు నాలుగు పుట్లు పండింది. ఆ ఏడు కాలవ నీళ్ళు బాగా వచ్చాయి, పురుగు పట్టలేదు. అవి ఎవరికీ గుర్తులేవు.

మా చేలో మాత్రం మా ఆయన ముత్యాలయ్య వేస్తాడు. హస్తవాసి ఉన్న మనిషి సొంత చేలో వేయకూడదట. ఊళ్ళో అన్నిటికంటే పలచన పంట మాదే.

నవంబరు 12, బుధవారం

టీ అంగడి దగ్గర హైస్కూలు జయకుమార్ సారు దేశాన్ని గురించి మాట్లాడాడట. మా ఆయన ఇంటికొచ్చి అన్నం కలుపుకోకుండా చెప్పాడు.

"రొయ్యల మేత కంపెనీ పబ్లిక్ ఇష్యూకి వస్తా ఉండాదంట. మనబోటోళ్ళం డబ్బు కడితే మనకు వాటా ఇస్తారు. ఆ డబ్బుతో తడ పక్కన కొత్త ఫ్యాక్టరీ పెడతారు. ఫ్యాక్టరీ వస్తే పనులు. పనులొస్తే జనం చేతిలో డబ్బు. దేశం ఎదుగుద్ది."

"ఎంత ఎదుగుద్ది?" అన్నాను.

"అది సారు చెప్పలా. ఊళ్ళో పదకొండు మందిమి కడతా ఉండాం. దాన్నిబట్టి ఉంటాది."

నిన్నటిదాకా ఈ మనిషి గొడ్డుకు గడ్డి వేయమంటే నడుము నొప్పి అన్నాడు. ఈ రోజు దేశాన్ని ఎత్తుతాడట.

నవంబరు 14, శుక్రవారం

పదకొండు మందీ మా ఇంటికి వచ్చారు. ముందు జయరామయ్య మామ, చేతిలో కొబ్బరికాయ. వెనక జెరాక్స్ అంగడి మధుబాబు. ఊళ్ళో ఆన్‌లైన్ పనులన్నీ అతనివే. షేర్లు జమయ్యే డీమ్యాట్ ఖాతాలు అందరికీ తెరిచింది, దరఖాస్తులు పెట్టింది అతనే. పనిలో పని అని నాకూ ఒక ఖాతా తెరిచాడు. అది ఖాళీగా ఉంది.

సంగతి ఏమిటంటే, అడిగిన వాళ్ళందరికీ షేర్లు ఇవ్వరు. అడిగేవాళ్ళు ఎక్కువైతే లాటరీ తీస్తారు. దరఖాస్తు పెట్టాక ఎవరి ఫోన్‌కు వాళ్ళకు ఒక మెసేజ్ వస్తుంది. అందులో సరేనని నొక్కాలి. అప్పుడే లెక్క.

"లాటరీ అన్నాక హస్తవాసి కావాలి గదా," అన్నాడు జయరామయ్య మామ. "పిన్ను మేం కొట్టుకుంటాం. చివరి నొక్కుడు మాత్రం నువ్వు నొక్కాల పేరమ్మా."

"అది వరి కాదు మామా."

"ఏదైతే ఏంది? నాటేదే గదా."

కొబ్బరికాయ తీసుకున్నాను. ఇంటికొచ్చిన పెద్దాయన్ని తిప్పి పంపడం మర్యాద కాదు. అంతకుమించి ఏమీ లేదు.

నవంబరు 15, శనివారం

రవికె కుట్టించుకోవడానికి అబిగయీలు దగ్గరికి వెళ్ళాను. జయకుమార్ సారు భార్య. నిరుటి తొమ్మిది గుడ్డలూ ఆమె దగ్గరే ఉన్నాయి, ఇప్పటికి ఆరు కుట్టింది.

ఆమె కూడా దరఖాస్తు పెట్టిందట. నేను నొక్కిపెడతాలే అన్నాను, ఊరికే, మాటవరసకు.

"ఎందుకులే అక్కా, నేను ప్రార్థన చేసుకుని నేనే నొక్కుకుంటా. అసలే నీ చేతికి పదకొండు మంది బరువు."

మంచి మాటే. అయినా చెయ్యి మంచిదని తెలిసీ వద్దనుకునే మనుషులు ఉంటారు.

నవంబరు 17, సోమవారం

మా వసారాలో పదకొండు ఫోన్లు వరసగా పెట్టారు. పసుపు కుంకుమ పెడతానంటే మధుబాబు ఒప్పుకోలేదు, స్పీకర్ల లోపలికి పోతాయట. నేను చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, మొదటి ఫోన్ మీదికి వేలు తీసుకెళ్ళాను.

జయరామయ్య మామ తుమ్మాడు. ఒంటి తుమ్ము.

ఇంకొకటి తుమ్మమని అందరూ ఆయన్ని బతిమిలాడారు. మా ఆయన ముక్కుపొడుం తెచ్చాడు. ఆయన కళ్ళ నిండా నీళ్ళు తెచ్చుకున్నాడు గానీ రెండో తుమ్ము రాలేదు. రేపటికి వాయిదా వేశాం.

నవంబరు 18, మంగళవారం

ఈ రోజే ఆఖరు.

పొద్దుటి నుంచి వాన. సిగ్నల్ లేదు. మధ్యాహ్నం మూడుకు పది నిమిషాలుందనగా వచ్చింది. మూడు నుంచి నాలుగున్నర దాకా రాహుకాలం. పది నిమిషాల్లో పదకొండు మందివి నొక్కడమంటే తొక్కిసలాట. ఆగమన్నాను.

పంచాంగం చూస్తే నాలుగూ ఇరవైకి వర్జ్యం మొదలవుతోంది. ఐదూ ఇరవై ఐదు దాకా ఉంది. మళ్ళీ ఆగమన్నాను.

మధుబాబుకు నాయుడుపేటలో పని ఉండి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ బండి మీది నుంచి, "ఐదులోపల నొక్కేయాల అక్కా," అని అరిచాడు. ఐదంటే ఐదున్నర అనుకోవాలి. ఈ దేశంలో ఏ ఆఫీసు టైముకు తెరిచారు, టైముకు మూయడానికి?

ఐదూ ముప్పైకి మొదలుపెట్టాను. ఒక్కొక్కరూ పిన్ను కొట్టడం, నేను నొక్కడం. నొక్కిన ప్రతి ఫోన్‌లోనూ ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఎరుపు శుభమే.

మా ఆయన కూడబలుక్కుని చదివాడు. "ఎక్స్‌పైర్డ్ అని ఉండాది మే."

"ఎక్స్‌పైరీ అన్నిటి మీదా ఉంటాది," అన్నాడు జయరామయ్య మామ. "పురుగుమందు డబ్బా మీద ల్యా? గవర్నమెంటు రూలు అది."

పదకొండు ఫోన్లలోనూ ఒకే మాట వచ్చింది కాబట్టి తేడా ఏమీ లేదని తేలింది. కొబ్బరికాయ కొట్టాం. పువ్వు వచ్చింది.

నవంబరు 19, బుధవారం

మా ఆయన బ్యాంకు బాలెన్స్ చూసుకున్నాడు. రూపాయి కూడా పట్టుకోలేదట. "మీ పేరమ్మ నొక్కితే షేర్లు వస్తాయి, డబ్బు కూడా పోదు," అని టీ అంగడిలో అన్నారట.

నవంబరు 20, గురువారం

పదకొండు మందిలో ఒక్కరికీ రాలేదు.

అబిగయీలుకు వచ్చింది. మంగళవారం మూడుంబావుకు నొక్కిందట. నిండు రాహుకాలం.

నవంబరు 21, శుక్రవారం

షేరు ఈ రోజు మార్కెట్‌లోకి వచ్చింది. పొద్దున్నే కొన్న ధర మీద నూటికి పద్దెనిమిది పెరిగిందట. జయరామయ్య మామ మా వీధిలో నుంచి పోతూ నా వైపు చూడలేదు. ఎండ కళ్ళల్లో పడి ఉంటుంది.

నవంబరు 22, శనివారం

ఎవరూ రాలేదు. నాట్లకు పిలవడానికి ఇంకా టైముంది.

నవంబరు 23, ఆదివారం

ఎవరూ రాలేదు. ఆదివారం కదా.

నవంబరు 24, సోమవారం

మా ఆయన చెప్పాడు. ఈసారి తొలి కుదురు వేయడానికి జయరామయ్య మామ అబిగయీలును పిలిచాడట. రవికె గుడ్డ కూడా ముందే ఇచ్చి వచ్చాడట. ఇంకో ముగ్గురు అదే దారిలో ఉన్నారట.

"నువ్వేం బాధపడొద్దు," అన్నాడు.

బాధ ఏమీ లేదు. తొమ్మిది చేల బురదలో దిగే పని తప్పింది. ఈ వయసులో కాలి వేళ్ళ సందులు ఒరిసి పుండ్లు పడకుండా ఉంటాయి. చారులో ఉప్పు రెండుసార్లు వేశాను, అది వేరే సంగతి.

నవంబరు 26, బుధవారం

అబిగయీలు వచ్చింది. చేతిలో నాలుగు రవికె గుడ్డలు.

"అక్కా, నాకిదేం కర్మ? ఊళ్ళో అందరూ నీకు గుడ్డలు ఇస్తే నాకు పని దొరికేది. ఇప్పుడు నాకే ఇస్తే నేనే కుట్టుకోవాల. కుట్టుకూలి ఎవురిస్తారు?"

నవ్వు వచ్చింది గానీ నవ్వలేదు.

"పోయి నాటు," అన్నాను.

"పొలంలో కాలు పెట్టి ఎరగను. జలగలుంటాయంట గదా?" అని కూర్చుంది. తరువాత గొంతు తగ్గించింది. "ఇంకోటి చెప్పాల. మా సారు మీ ఆయన ఫోన్ చూసినాడు. మీకు లాటరీలో పోవడం కాదక్కా, మీరసలు లాటరీలోనే లేరు. ఐదు గంటలకు మూసేసినారు. నువ్వు నొక్కింది ఐదున్నరకి. ఎక్స్‌పైర్డ్ అంటే అదే."

వసారాలోకి వచ్చిన కోడిపెట్టను తోలాను.

అంటే నా చేతి తప్పు లేదు. నా చేతికి పరీక్షే జరగలేదు. ఈ మాట ఊళ్ళో చెబితే చాలు. కానీ వెంటనే అడుగుతారు, ఐదున్నర దాకా కూర్చోబెట్టింది ఎవరని.

"ఎవురికైనా చెప్పినాడా సారు?"

"లేదు. నువ్వే చెప్పుకుంటావు గదా అన్నాడు."

ఆ సారుకు ఊరి మనుషులు బాగా తెలుసు.

పోయేముందు ఆమె ఇంకొక మాట చెప్పింది. ఆ కంపెనీ ఎత్తిన డబ్బులో పావు వంతే కొత్త ఫ్యాక్టరీకట. మిగతా ముప్పావు పాత యజమానులు తమ వాటాలు అమ్ముకున్న డబ్బట, కంపెనీకి కూడా రాదట. ఆ సంగతి కాగితాల్లో రాసే ఉందట. జయకుమార్ సారు కొన్నాక చదివాడట.

నాకు అది వెంటనే అర్థమైంది. పావు వంతు విత్తనం. ముప్పావు కోత. విత్తనానికి డబ్బు పెడితే చేను మొలుస్తుంది. ఎవరిదో పంట కొంటే వాడి చేతికి డబ్బు వస్తుంది, వాడు దాన్ని మళ్ళీ చేలో పెట్టొచ్చు, పెట్టకపోవచ్చు. దేశం అంతవరకే ఎదుగుతుంది. పదకొండు మందికీ ఇది తెలియదు.

ఐదు గంటల సంగతి రేపు చెబుతాను.

నవంబరు 27, గురువారం

ఊళ్ళో పెళ్ళి. పెళ్ళిలో ఇట్లాంటివి చెప్పకూడదు. రేపు చెబుతాను.

నవంబరు 28, శుక్రవారం

షేరు పడింది. కొన్న ధర కంటే కిందికి పోయిందట. ఎందుకో ఎవరికీ తెలియదు. రొయ్య ధర అని ఒకరు, అమెరికా అని ఒకరు.

సాయంత్రం జయరామయ్య మామ వచ్చి చల్ల తాగాడు. "సోమవారం నాట్లు పెట్టుకున్నా. నువ్వు కూడా ఒకసారి గట్టు మీదికి రా పేరమ్మా," అన్నాడు.

"అబిగయీలు ఉంది గదా మామా."

"ఆమె కూడా వస్తాది. రానీ. చూద్దాం."

ఏమి చూస్తాడో చెప్పలేదు. చెప్పడానికి ఇదే మంచి సమయం అనుకున్నాను. చల్లలో ఉప్పు సరిపోయిందా అని అడిగాను.

నవంబరు 30, ఆదివారం

రేపు చెబుతాను. గట్టు మీద అందరూ ఉంటారు, ఒకేసారి అయిపోతుంది.

డిసెంబరు 1, సోమవారం

ఇది వివరంగా రాసుకోవాలి.

ఎనిమిదిన్నరకే నారుకట్టలు మడిలో వేసి పదిహేను మంది ఆడవాళ్ళు కొంగులు బిగించి నిలబడి ఉన్నారు. గట్టుకు ఈ చివర నేను, ఆ చివర అబిగయీలు. ఆమె మోకాళ్ళ దాకా ప్లాస్టిక్ సంచులు కట్టుకుంది, జలగల కోసం. నడుమ జయరామయ్య మామ, చేతిలో ఫోన్. ఆయన పక్కన మధుబాబు. షేర్లకు దరఖాస్తు పెట్టిన మిగతా వాళ్ళు కూడా వచ్చారు, మా ఆయనతో సహా.

"మొదలుపెడదామా మామా?" అని మేస్త్రీ ఆమె అడిగింది.

"ఆగమ్మా. తొమ్మిదీ పదిహేనుకు మార్కెట్ తెరుస్తారు."

"మార్కెట్‌కీ నారుకీ ఏంది సంబంధం?"

"షేరు పెరిగితే ఆమె నాటుతాది. తగ్గితే ఈమె నాటుతాది."

పదిహేను మంది ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "సమంగా ఉంటే?" అంది ఒకామె.

జయరామయ్య మామ దాని గురించి ఆలోచించలేదు. మధుబాబు వైపు చూశాడు. "సమంగా ఉంటే చెరో చెయ్యి," అన్నాడు మధుబాబు.

"నారు వాడిపోతా ఉండాది మామా. నువ్వూ నీ షేర్లూ!"

తొమ్మిదీ పదిహేను. మధుబాబు ఫోన్‌లోకి వంగాడు. ఒక చుక్క ఎర్రగా, మళ్ళీ పచ్చగా. "పెరిగింది," అన్నాడు. అబిగయీలు చెప్పులు విడిచింది. "తగ్గింది," అన్నాడు. ఆమె చెప్పులు వేసుకుంది. నేను ఒక అడుగు దిగి మళ్ళీ పైకెక్కాను. ఇట్లా నాలుగుసార్లు. నా చెయ్యి ధర నిమిషానికొకసారి మారుతోందని ఇంతకుముందు నాకు తెలియదు.

ఆఖరికి బాగా పడింది. "పేరమ్మా, దిగు!" అన్నాడు జయరామయ్య మామ.

నేను దిగలేదు. ఎందుకో నాకే తెలియదు. ఎప్పటి నుంచో చెప్పాలని ఉంది కాబట్టి అనుకుంటాను.

"మామా, ఆ రోజు ఐదు గంటలకే మూసేసినారు. నేను నొక్కింది ఐదున్నరకి. మీ పదకొండు మందివీ లోపలికే పోలేదు. మధుబాబు ఐదులోపల అని చెప్పి పోయినాడు, నేను విని కూడా వర్జ్యమని మిమ్మల్ని కూర్చోబెట్టినాను. చెయ్యి మంచిదో కాదో ఎవురికీ తెలవదు. తప్పు నాది. అబిగయీలును నాటమను."

మడిలో కప్ప అరిచింది. మా ఆయన తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

జయరామయ్య మామ ఫోన్ చూశాడు. నన్ను చూశాడు. మళ్ళీ ఫోన్ చూశాడు.

"అంటే, నువ్వు కూర్చోబెట్టకపోతే ఇది మాకు వచ్చుండేది."

"వచ్చుండొచ్చు మామా."

"వచ్చుంటే ఇయ్యాల నెత్తిన గుడ్డ వేసుకునుండేవాళ్ళం."

"అదీ... ఉండొచ్చు."

ఆయన అందరి వైపు తిరిగాడు. "విన్నారా? పదకొండు మందినీ గేటు బయటే ఆపేసింది! డబ్బులు కూడా కదలనీలేదు. తెలిసి చేసింది కాదంట, దాని అంతట అదే అయిందంట. హస్తవాసి అంటే ఏందనుకున్నారు మరి?"

"అది కాదు మామా నేను చెప్పేది..."

"నువ్వు చెప్పొద్దు. చెయ్యి ఉన్నోళ్ళకు చెయ్యి సంగతి తెలవదు. దిగు."

అబిగయీలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గట్టు మీద కూలబడింది. ప్లాస్టిక్ సంచులు గరగర శబ్దం చేశాయి. నేను మడిలోకి దిగాను. బురద చల్లగా ఉంది. తూర్పు ముఖంగా నాలుగు కుదుళ్ళు వేశాను. ఎప్పటిలాగే వేశాను.

నిజం చెప్పాను. అది నా తప్పు కాకుండా పోయింది.

డిసెంబరు 3, బుధవారం

మా చేలో తొలి కుదురు అబిగయీలు చేత వేయించాను. మా ఆయన అలిగాడు, ఇరవై ఏళ్ళ అలవాటు కదా. ఆమె కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, సంచుల కాళ్ళతోనే దిగి వేసింది. కుదుళ్ళు వంకరగా ఉన్నాయి. రవికె గుడ్డ ఇచ్చాను.

"దీన్ని కూడా నేనే కుట్టుకోవాల్నా?" అంది.

డిసెంబరు 9, మంగళవారం

ఇప్పటికి పద్నాలుగు చేలు. ఊళ్ళో నాట్లు దాదాపు అయిపోయాయి. నడుము పట్టేసింది.

మధుబాబు ఇంకొక పబ్లిక్ ఇష్యూ తెచ్చాడు. రొయ్యలు, చేపలు నిలవ ఉంచే కోల్డ్ స్టోరేజీల కంపెనీ. శుక్రవారం మొదలు, పదహారో తారీఖు మంగళవారం ఆఖరు.

జయరామయ్య మామ అందరి తరఫునా చెప్పాడు. "నీకు ఎప్పుడు నొక్కాలనిపిస్తే అప్పుడే నొక్కు. ఐదు దాటినా మేం అడగం. దాటిందంటే వద్దని అర్థం చేసుకుంటాం."

దారిలో జయకుమార్ సారు కనిపిస్తే అడిగాను. "ఇది విత్తనమా సారూ, కోతా?"

ఆయన మొదట అర్థం కాక, తరువాత అర్థమై, కాసేపు నన్ను చూశాడు. "ఈసారి ముందే చదివినానమ్మా. మొత్తం విత్తనమే. మొలుస్తుందో లేదో కాగితంలో ఉండదు."

అది నాకు ఆయన చెప్పక్కరలేదు.

డిసెంబరు 12, శుక్రవారం

దారం కొనడానికి అబిగయీలు ఇంటికి వెళ్ళాను. ఖాళీగా ఉన్న నా డీమ్యాట్ ఖాతా గురించి మాట వచ్చింది. ఆమెకు దరఖాస్తు పెట్టడం వచ్చు. పదకొండు గంటల ఐదు నిమిషాలకు నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది.

"రాహుకాలం గదా అక్కా?" అంది గోడ గడియారం చూసి.

"మీ ఇంట్లో రాహుకాలం లేదు గదా," అన్నాను.

చీర కొంగుకు వేలు తుడుచుకుని నొక్కాను. ఎర్ర అక్షరాలు రాలేదు. దారం కొనడం మరిచిపోయాను.

డిసెంబరు 16, మంగళవారం

మధ్యాహ్నం రెండు నుంచి మా వసారాలో పదకొండు ఫోన్లు. ఎవరూ తుమ్మలేదు, ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు.

పంచాంగం చూశాను. వర్జ్యం నాలుగుంబావు నుంచి ఐదూ నలభై దాకా. ఈ ఏడాది పంచాంగం చాలా బాగా రాశారు. అంతకుముందు రాహుకాలం, దానికి ముందు నాకు తలనొప్పి.

ఈ చేతిని లాటరీలో పెడితే ఏదో ఒక రోజు ఓడిపోతుంది. పెట్టకపోతే ఓడదు. ఇది నేను కనిపెట్టింది కాదు, ఊరు చెప్పింది.

ఐదు గంటలకు జయరామయ్య మామ తువ్వాలు దులుపుకుని లేచాడు. "దాటిపోయింది. పదండి. గండం తప్పింది." అందరూ ఫోన్లు తీసుకుని, టీ తాగి, నాకు దండం పెట్టి పోయారు. ఏ గండం తప్పిందో ఎవరూ అడగలేదు.

డిసెంబరు 17, బుధవారం

నాకు వచ్చింది. ఒక లాటు షేర్లు.

మెసేజ్ నాలుగుసార్లు చదివాను. అబిగయీలు ఫోన్ చేసింది, ఇద్దరం నవ్వాం. మా ఆయన ఎవరని అడిగితే రవికె కొలత అన్నాను.

శుక్రవారం షేరు మార్కెట్‌లోకి వస్తుంది. పెరిగితే ఊరు తిడుతుంది. తగ్గితే దండం పెడుతుంది. ఏదైనా నాట్లు అయిపోయాయి, పద్నాలుగు చేలల్లోనూ వేళ్ళు పట్టాయి. వేసిన కుదురు ఎవరూ పీకలేరు.

ప్రస్తుతానికి దేశం ఎదుగుదలలో మా ఊరి నుంచి ఇద్దరమే ఉన్నాం, నేనూ, అబిగయీలూ. ఈ పుస్తకం ఎవరి కంటా పడకుండా వడ్ల గాదెలో పెట్టాలి.